సీసా కొద్దీ రిపోర్టు

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. పరీక్షల విషయానికొస్తే సీసా కొద్దీ రిపోర్టు అనుకోవాలి. మట్టి పరీక్ష, నీటి పరీక్ష, విత్తన పరీక్ష, పశువుల రక్త పరీక్ష... ఏ పరీక్షకైనా లేబొరేటరీ వారి చేతికి అందేది మన పొలం కాదు, మన బోరు కాదు, మన గేదె కాదు. వాళ్లకు అందేది ఒక సంచి, ఒక సీసా, ఒక గాజు గొట్టం. అందులో ఏముంటే అదంతా రిపోర్టులోకి ఎక్కుతుంది. సంచి కుట్టుల్లో మిగిలిన యూరియా కూడా ఎక్కుతుంది. సీసా అడుగున ఎండిపోయిన కూల్ డ్రింకు కూడా ఎక్కుతుంది. అది పొలంలోదా, సంచిలోదా అన్న తేడా మిషనుకు తెలియదు.

ఏ ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్నా పరీక్షల మాట వస్తే ఒకటే వినబడుతుంది. "అవన్నీ ఉత్తిత్తి పరీక్షలు లేవయ్యా! మా పొలంలో నత్రజని దండిగా ఉందని రాశారు. యూరియా తగ్గిస్తే చేను ఎర్రబారిపోయింది" అంటాడొకాయన. "మా బోరు నీళ్లు ఒకసారి పంపితే మంచివన్నారు, ఇంకోసారి పంపితే చౌడన్నారు" అంటాడు ఇంకొకాయన. ఈ మాటల్లో అబద్ధమేమీ లేదు. అయితే తప్పు పరీక్షలో జరిగిందా, పరీక్షకు ముందే జరిగిందా అని ఆలోచించేవారు తక్కువ. నా అభిప్రాయం ఏమంటే, రైతుకు పరీక్షల మీద నమ్మకం పోవడానికి నమూనా పట్టిన పాత్ర కూడా ఒక పెద్ద కారణం. దీన్ని సరిచేయడానికి కోట్లు అక్కర్లేదు. సరైన సంచి, సరైన సీసా రైతు చేతిలో పెడితే చాలు. ఆ పని ఎవరిదన్న సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు దేనికి ఏ పాత్ర కావాలో చూద్దాం.

మట్టికి గుడ్డ సంచి

2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో 12 అంశాలు పరీక్ష చేస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, వీటితోపాటు పి.హెచ్., లవణాల శాతం, సేంద్రియ కర్బనం. ఇందులో సగం అంశాలు మనం వాడే సంచి వల్ల, పనిముట్టు వల్ల తారుమారయ్యేవే.

ఇంట్లో చేతికందేది ఖాళీ యూరియా సంచి. మట్టి దాని మీదే ఆరబోస్తారు, దాన్నే కత్తిరించి మూటగడతారు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అర కిలో మట్టిలో చిటికెడు యూరియా కలిస్తే చాలు, నిస్సారమైన నేల కూడా కాగితం మీద బలమైన నేల అయిపోతుంది. డి.ఎ.పి. సంచి అయితే నత్రజనితోపాటు భాస్వరం కూడా పెరుగుతుంది. కట్టెల పొయ్యి దగ్గర ఆరబెడితే బూడిద ఎగిరిపడి పొటాష్ ఎక్కువగా కనబడుతుంది. ఆ కార్డు చూసుకుని ఎరువు తగ్గించిన రైతు పంట పోగొట్టుకుంటాడు, మళ్లీ కార్డు మొహం చూడడు.

జింకు సంగతి ఇంకా సున్నితం. కిలో మట్టిలో సుమారు 0.6 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే జింకు లోపం ఉన్నట్టు లెక్క. అంటే అర కిలో నమూనాలో 0.3 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత. మనం మట్టి కలిపేది తెల్లరేకు బకెట్లో, తెల్లరేకు తట్టలో. ఆ రేకు పైపూత జింకే. గీరుకుపోయిన రవ్వంత పూత చాలు, లోపం లేదని రిపోర్టు రావడానికి. వరి వేసే రైతు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాల్సింది మానేస్తాడు. ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి చేను గిడసబారాక లబోదిబోమంటాడు. అలాగే తుప్పు పట్టిన పార, బొరిగె వాడితే ఇనుము లెక్క తప్పుతుంది.

కనుక మట్టి తీయడానికి తుప్పులేని పార వాడాలి. పారతో గుంట తీసినా, పారకు తగిలిన మట్టిని చెక్క ముక్కతోనో వెదురు బద్దతోనో పక్కకు గీకేసి, లోపలి మట్టిని తీసుకోవాలి. కలపడానికి ప్లాస్టిక్ బకెట్ గానీ, శుభ్రమైన గుడ్డ గానీ ఉండాలి. ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతున తీసిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తేవాలి. నీడలో, కొత్త కాగితం మీద ఆరబెట్టాలి. ఉతికి ఆరేసిన గుడ్డ సంచిలో పొయ్యాలి. తడి మట్టిని ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టి నాలుగు రోజులు ఉంచితే లోపల సూక్ష్మజీవులు పనిచేసి నత్రజని రూపమే మారిపోతుంది. పేరు, సర్వే నంబరు, వెయ్యబోయే పంట పెన్సిలుతో చీటీ మీద రాసి ఒకటి సంచిలో, ఒకటి సంచి మూతికి కట్టాలి. పెన్ను సిరా తేమకు అలుక్కుపోతుంది, పెన్సిలు రాత పోదు.

బోరు నీళ్లకు ప్లాస్టిక్ సీసా

మన దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు బోరు నీళ్ల మీదే సేద్యం. నీళ్లలో ఉప్పు ఎంత, సోడా ఎంత అన్నది తెలియకుండా మిర్చి, బత్తాయి పెట్టడమంటే చీకట్లో బాణం వేసినట్టే. పొగాకు వేసేవారికి క్లోరైడు లెక్క మరీ ముఖ్యం. క్లోరైడు ఎక్కువైతే ఆకు కాలే గుణం దెబ్బతింటుంది, వేలంలో రేటు పడిపోతుంది.

సేద్యపు నీటికి శుభ్రమైన ప్లాస్టిక్ సీసా సరిపోతుంది. మంచినీళ్లు అమ్మే లీటరు సీసా కొత్తది అయితే నిక్షేపంగా పనికొస్తుంది. కూల్ డ్రింకు సీసా మాత్రం వద్దు. కోలా రకం డ్రింకుల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. అది కాస్త మిగిలినా పి.హెచ్. పడిపోతుంది. బ్రాందీ సీసా, నూనె సీసా, పచ్చడి జాడీ వద్దు. సబ్బుపొడితో, బ్లీచింగ్ పౌడరుతో కడిగిన సీసా కూడా వద్దు. సబ్బులో సోడా ఉంది, బ్లీచింగులో క్లోరిన్ ఉంది. రిపోర్టులో మనం వెతికేది ఆ రెండే గదా!

మామూలు గాజు సీసా వాడితే ఏమని కొందరు అడుగుతారు. మామూలు గాజును ఇసుక, సోడా, సున్నం కలిపి కరగబెట్టి చేస్తారు. నీళ్లు అందులో రోజుల తరబడి నిలవ ఉంటే గాజులోని సోడా కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో సోడా ఎంతుందో తేల్చుకోవాలనుకునేవారికి ఆ సీసా ఎందుకు?

మోటారు వేసి పావుగంట, అరగంట నీళ్లు పోనివ్వాలి. పైపులో నిలవున్న నీళ్లు పోయాక, అదే నీటితో సీసాను, మూతను మూడుసార్లు తొలిచి పారబొయ్యాలి. ఆ తర్వాత మూతి దాకా నిండుగా పట్టి, గాలి లేకుండా బిగించాలి. మూత లోపల చెమట చేతులు పెట్టకూడదు, చెమటలో ఉప్పు ఉంటుంది. సీసా సగం నింపితే ఏమవుతుందో తెలుసుకోండి. నీళ్లలో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు ఖాళీలోకి పోతుంది. దాంతో పి.హెచ్. పెరుగుతుంది, సున్నం సీసా గోడలకు తెల్లగా పేరుకుంటుంది. పరీక్షలో సున్నం తక్కువగా, దాంతో పోలిస్తే సోడా ఎక్కువగా కనబడుతుంది. ఉన్నదానికంటే మీ నీళ్లు చెడ్డవని తేలుతుంది. ఇనుము ఉన్న బోరు నీళ్లయితే గాలి తగిలి ఎర్రగా మారి, ఇనుము అడుగుకు దిగిపోతుంది. ఇనుము లాంటి లోహాల పరీక్ష కావాలంటే లేబొరేటరీ వారే కొంచెం నత్రికామ్లం వేసిన వేరే సీసా ఇవ్వాలి. ఆ సీసాను మాత్రం తొలవకూడదు, లోపలి ఆమ్లం చేతికి తగలనివ్వకూడదు. నమూనా పట్టిన రోజునే, కుదరకపోతే మర్నాటికైనా చేర్చాలి.

తాగే నీళ్లకు రెండు సీసాలు

ఫ్లోరైడు మాట మన ప్రాంతానికి కొత్తది కాదు. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ జబ్బు గురించి డాక్టర్లు రాశారు. లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చని మన దేశపు ప్రమాణం చెబుతోంది. పిల్లల పళ్లు గారపట్టడం ఈ గీత దగ్గరే మొదలవుతుంది. అందుకే 1.4కు, 1.7కు మధ్య తేడా చిన్నది కాదు. ఫ్లోరైడు పరీక్షకు ప్లాస్టిక్ సీసాలోనే నమూనా పట్టాలి. ఫ్లోరైడుకు గాజుతో పొత్తు కుదరదు.

అదే బోరు నీళ్లలో విరేచనాలు, కామెర్లు తెచ్చే క్రిములు ఉన్నాయేమో చూడాలంటే మాత్రం ఆ సీసా పనికిరాదు. ఇక్కడ పద్ధతులన్నీ తలకిందులు. క్రిముల పరీక్షకు ఆవిరిలో ఉడికించి శుద్ధి చేసిన సీసా లేబొరేటరీ నుంచే తెచ్చుకోవాలి. దాన్ని తొలవకూడదు, తొలిస్తే శుద్ధి పోతుంది. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లకైతే ఆ సీసాలో ముందే ఒక మందు వేసి ఉంచుతారు, తొలిస్తే అదీ పోతుంది. నిండుగా పట్టకూడదు, కలియబెట్టడానికి పైన బొటనవేలు వెడల్పు ఖాళీ ఉంచాలి. మూత తీశాక నేల మీద పెట్టకూడదు, మూతి లోపల చెయ్యి తగలకూడదు. ఐసు పెట్టిన డబ్బాలో ఉంచి అదే రోజు చేర్చాలి. ఎండలో బస్సు టాపు మీద పెట్టి పంపిన సీసాలో క్రిములు పెరగొచ్చు, చావొచ్చు. ఏది జరిగినా రిపోర్టు పనికిరాదు.

ఒకే సీసాలో నీళ్లు పట్టుకొచ్చి "అన్నీ చూడండి బాబూ" అనడం మనకు అలవాటు. అన్నీ చూసే సీసా ఒకటంటూ లేదు. ఏం చూడాలో ముందు చెప్పాలి, దాన్ని బట్టి సీసా తీసుకోవాలి.

గాజు ఎక్కడ కావాలి?

పురుగుమందు అవశేషాల పరీక్షకు గాజు తప్పనిసరి. చెరువులో చేపలు తేలినా, పక్క చేలో కొట్టిన కలుపుమందు కొట్టుకొచ్చి మన చేను మాడినా, నీళ్ల నమూనా ముదురు గోధుమరంగు గాజు సీసాలో పట్టాలి. చాలా మందులు ప్లాస్టిక్కుకు అంటుకుపోతాయి. ప్లాస్టిక్కులోని రసాయనాలు కూడా నీళ్లలోకి దిగి పరీక్షకు అడ్డు తగులుతాయి. వెలుతురుకు మందు విరిగిపోతుంది కనుక రంగు గాజు కావాలి. మూత లోపల రబ్బరు బదులు టెఫ్లాన్ బిళ్ల ఉండాలి. ఇలాంటి సీసా పల్లెటూళ్లో దొరకదు, లేబొరేటరీ వారిని అడిగి తెచ్చుకోవాల్సిందే.

బోరాన్ పరీక్షకు మళ్లీ గాజు పనికిరాదు. లేబొరేటరీల్లో వాడే, వేడికి పగలని గట్టి గాజులో బోరాన్ ఆక్సైడే సుమారు 13 శాతం ఉంటుంది. దాంట్లో పోసి బోరాన్ ఎంతని అడిగితే ఏం చెబుతుంది? కనుక దానికి ప్లాస్టిక్కే. గాజు గొప్పది, ప్లాస్టిక్ తక్కువది అనే మాట ఇక్కడ చెల్లదు. ఏ పరీక్ష అన్నదాన్ని బట్టి పాత్ర మంచిదో కాదో తేలుతుంది.

ఇక పురుగుమందు ఖాళీ డబ్బాల సంగతి. ఎన్నిసార్లు కడిగినా దేనికీ పనికిరావు. నమూనాకే కాదు, కిరోసిన్ పోసుకోవడానికి, విత్తనాలు దాచుకోవడానికి, చేలోకి మంచినీళ్లు పట్టుకెళ్లడానికి అసలే వద్దు. మందు అయిపోగానే మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు స్ప్రేయరులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచెయ్యాలి. చిల్లు పడిన డబ్బాను ఎవరూ ఇంటికి తీసుకుపోరు.

విత్తనానికి, ధాన్యానికి

మొలక పరీక్షకు పంపే విత్తనం గుడ్డ సంచిలోనో కాగితం సంచిలోనో ఉండాలి. విత్తనానికి ప్రాణం ఉంది, గాలి ఆడాలి. అదే తేమ పరీక్షకైతే గాలి చొరకుండా మూసిన దళసరి ప్లాస్టిక్ కవరో, బిగుతు మూత డబ్బానో కావాలి. రెండు పరీక్షలకూ పంపాలంటే రెండు సంచులు కట్టాలి.

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కొర్రీ పెడతారు. కుప్పలోంచి తీసిన ధాన్యం ఉదయం మంచులో గుడ్డసంచిలో ఉంటే తేమ పీల్చుకుంటుంది, మధ్యాహ్నం ఎండలో ఉంటే ఆరుతుంది. కుప్ప తేమ ఒకటి, సంచి తేమ ఇంకొకటి. తీసిన వెంటనే కవర్లో బిగించి, మన కళ్లముందే మిషనులో పొయ్యమని అడిగే హక్కు రైతుకు ఉంది. ఒక శాతం తేడాకు బస్తాలు వెనక్కి తెచ్చుకున్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

నాసి విత్తనం వల్ల పంట పోయినప్పుడు "విత్తనం నమూనా ఏదీ? లేబొరేటరీ రిపోర్టు ఏదీ?" అని అడుగుతారు. మన ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో 2012లో సుప్రీంకోర్టు రైతు పక్షాన మాట్లాడింది. కొన్న విత్తనమంతా రైతు చేలో చల్లేస్తాడు గానీ, రేపు పరీక్షకు పనికొస్తుందని పక్కన దాచుకుంటాడని అనుకోకూడదని చెప్పింది. నమూనా దాచలేదని మన కేసు కొట్టుకుపోదన్నమాట. అయినా దాచుకున్నవాడి చెయ్యి పైన ఉంటుంది. ప్యాకెట్టులో గుప్పెడు విత్తనాలు అట్టేబెట్టి, చీటీ చిరక్కుండా మడిచి, బిల్లుతో కలిపి ఒక పొడి డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టుకోండి. వేరే డబ్బాలో ఒంపకండి. కంపెనీ ప్యాకెట్టు, దాని మీది లాట్ నంబరు ఉంటేనే అది ఏ విత్తనమో తేలుతుంది.

గొట్టం మూత రంగు చూడండి

పశువైద్యుడు రక్తం తీసేటప్పుడు గొట్టాల మూతలు రకరకాల రంగుల్లో ఉంటాయి. ఆ రంగులు అందానికి పెట్టినవి కావు. ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఇ.డి.టి.ఎ. అనే మందు ఉంటుంది. థైలేరియా, బబీసియా లాంటి గోమారి జ్వరాలకు రక్తకణాలు చూడాలంటే అది కావాలి. ఈసుకుపోయే జబ్బు బ్రూసెల్లోసిస్ లాంటివాటికి రక్తరసి కావాలి, దానికి ఎర్ర మూత గొట్టం. రక్తంలో చక్కెర చూడాలంటే బూడిదరంగు మూత.

ఇవి తారుమారైతే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఈనిన ఆవు లేవలేకపోతే పాలజ్వరమా అని కాల్షియం పరీక్ష చేయిస్తారు. ఊదారంగు గొట్టంలోని మందు రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అందువల్లనే రక్తం గడ్డకట్టదు. ఆ గొట్టంలో పంపితే ఆరోగ్యంగా ఉన్న ఆవుకు కూడా కాల్షియం పడిపోయిందని వస్తుంది. "ఏ పరీక్షకు తీస్తున్నారు డాక్టరుగారూ, ఏ మూత గొట్టం?" అని అడిగితే మర్యాద తక్కువేమీ కాదు.

పొదుగువాపుకు పాల పరీక్ష చేయించాలంటే శుద్ధి చేసిన చిన్న సీసా కావాలి. చన్ను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి ఆ తర్వాతి పాలు పట్టాలి. పాలచెంబులోంచి ఒంపిన పాలలో చెంబులోని క్రిములు, చేతి మీది క్రిములు కూడా కనబడతాయి. ఏ మందు పనిచేస్తుందో తేల్చేది ఆ పరీక్షే కనుక, చెంబు క్రిమికి మందు వాడితే పొదుగు తగ్గదు. పేడ నమూనాకు చిన్న డబ్బా నిండుగా పెట్టి మూత బిగించి చల్లగా ఉంచాలి. ఎండలో ఉంటే గుడ్లు పొదిగి పురుగులు బయటికొచ్చి లెక్క తప్పుతుంది.

చనిపోయిన పశువు అవయవాల ముక్కలు రెండు రకాలుగా పంపుతారు. జబ్బు వల్ల కండ ఎలా మారిందో చూడటానికి పది శాతం ఫార్మలిన్‌లో, ముక్కకు పదింతల ద్రావణం ఉండేలా, వెడల్పు మూతి సీసాలో వెయ్యాలి. సన్న మూతి సీసాలో మెత్తటి ముక్క లోపలికి పోతుంది, గట్టిపడ్డాక బయటికి రాదు. క్రిమిని పెంచి చూసే పరీక్షకైతే ఫార్మలిన్ చుక్క కూడా తగలకూడదు, అది క్రిమినే చంపేస్తుంది. పశువు హఠాత్తుగా చచ్చి ముక్కు, మలద్వారాల నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మరోగమేమో అని అనుమానించాలి. అలాంటి కళేబరాన్ని కొయ్యకూడదు, ఏ నమూనా మనం తియ్యకూడదు. పశువైద్యుణ్ణి పిలవాలి.

తీరంలో రొయ్యల చెరువులవారికీ ఇదే మాట. వైరస్ ఉందేమోనని పి.సి.ఆర్. పరీక్షకు పంపే రొయ్యపిల్లలు 95 శాతం ఆల్కహాలులో వెళ్లాలి. ఫార్మలిన్‌లో వేస్తే ఆ పరీక్షకు కావాల్సిన పదార్థమే చెడిపోతుంది.

మొక్కల తెగుళ్లకు కూడా రెండు మాటలు. తెగులు ఆకుల్ని తడి ప్లాస్టిక్ కవర్లో కట్టి తెస్తే దారిలోనే కుళ్లి, అసలు తెగులు మీద బూజు పెరుగుతుంది. ఆకుల్ని పాత పేపరు మడతల్లో పెట్టాలి. వేరుబుడిపెల నులిపురుగుల పరీక్షకు మాత్రం వేళ్ల దగ్గరి తడి మట్టిని ప్లాస్టిక్ కవర్లోనే కట్టి నీడన తేవాలి. ఎండితే పురుగులు చస్తాయి.

తప్పంతా రైతుదేనా?

ఇదంతా చదివాక ఒక రైతు అడగొచ్చు. "ఇన్ని సంచులు, ఇన్ని సీసాలు, ఇన్ని రంగులు ఎకరంన్నర రైతునైన నేను ఎక్కడ గుర్తుపెట్టుకోను? ఎక్కడ తెచ్చుకోను?" న్యాయమైన ప్రశ్న. నా జవాబు కూడా అదే. ఇవి రైతు తెచ్చుకోవాల్సినవి కావు. పరీక్ష చేసేవాడే పాత్ర ఇవ్వాలి.

పట్నంలో డయాగ్నస్టిక్ సెంటరుకు వెళ్తే మూత్ర పరీక్షకు డబ్బా వాళ్లే ఇస్తారు. ఇంటి నుంచి పచ్చడి సీసా తెమ్మని ఎవరూ అనరు. మరి రైతు మట్టికి, రైతు నీళ్లకు ఆ మర్యాద ఎందుకు లేదు? లేబొరేటరీలో ఖరీదైన మిషను పెట్టి, దానికి ఎ.సి. గది కట్టి, దానిలోకి పొయ్యాల్సిన నీళ్లను బ్రాందీ సీసాలో తెచ్చుకోనివ్వడం ఏం లెక్క? తప్పు సంచిలో వచ్చిన నమూనాకు కూడా మంచి నమూనాకు అయినన్ని రసాయనాలు ఖర్చవుతాయి, అంతే కరెంటు కాలుతుంది, అన్ని గంటలు ఉద్యోగి పనిచేస్తాడు. చివరికి చేతికొచ్చేది పనికిరాని కాగితం. గుడ్డ సంచికి డబ్బుల్లేవనే మాట అందుకే నిలబడదు.

అధికారులు చెప్పే మాట కూడా వినాలి. "సంచులిచ్చినా రైతులు ఇంట్లో పప్పులు పోసుకుంటున్నారు, మేం చెప్పినట్టు తియ్యరు" అంటారు. కొంత నిజం ఉండొచ్చు. దానికి మందు సంచి మానెయ్యడం కాదు. నమూనా తెచ్చినవారికే మళ్లీ సంచి ఇచ్చేలా లెక్క పెట్టుకోవచ్చు. రైతు కూడా తన వంతు చెయ్యాలి. ఇచ్చిన సీసాను ఇచ్చిన పనికే వాడాలి, నమూనా తీసే పొద్దు పార తుడుచుకుని చేలోకి వెళ్లాలి. పొలం తనదే గనుక నష్టమూ తనదే.

నా దృష్టిలో చెయ్యాల్సినవి మూడే పనులు. మొదటిది, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం దగ్గర, తెలంగాణలో రైతు వేదిక దగ్గర గుడ్డ సంచులు, అర లీటరు ప్లాస్టిక్ సీసాలు, దళసరి కవర్లు, పెన్సిలు చీటీలు ఎప్పుడూ ఉండాలి. శుద్ధి సీసా, రంగు గాజు సీసా అడిగిన రెండు మూడు రోజుల్లో తెప్పించి ఇవ్వాలి. రెండోది, నమూనా తీసుకునేటప్పుడు అది ఏ పాత్రలో వచ్చింది, ఎన్ని గంటలకు వచ్చింది, నిండుగా ఉందా అన్నది రాసి, అదే సంగతి రిపోర్టు మీద కూడా అచ్చువెయ్యాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. తప్పు పాత్రలో వచ్చిన నమూనాను పరీక్ష చెయ్యకుండా, కారణం రాసి వెనక్కి పంపాలి, వెంటనే సరైన పాత్ర చేతికివ్వాలి. లక్ష్యం పూర్తి చెయ్యాలని దొరికిన సంచి దొరికినట్టు పరీక్ష చేసి కార్డులు పంచడం కంటే, పది నమూనాలు తిప్పి పంపడం రైతుకు మేలు. తప్పుడు అంకె ఉన్న కార్డు కంటే కార్డు లేకపోవడమే నయం. కార్డు లేనివాడు అనుభవంతో ఎరువు వేస్తాడు. తప్పుడు కార్డు ఉన్నవాడు నమ్మి మోసపోతాడు.

ఈ మూడూ పైనుంచి వాటంతట అవి రావు. గ్రామసభలో అడగాలి. దుక్కులకు ముందు, వేసవిలోనే, నలుగురు రైతులు కలిసి వెళ్లి "మట్టి పరీక్షకు సంచులు ఇప్పించండి, బోరు నీళ్లకు సీసాలు ఇప్పించండి" అని అర్జీ రాసి రసీదు తీసుకోవాలి. నమూనా ఇచ్చేటప్పుడు "ఈ సీసా ఈ పరీక్షకు పనికొస్తుందా అయ్యా?" అని నోరు తెరిచి అడగాలి. పనికిరాదంటే సిగ్గుపడకుండా వెనక్కి తెచ్చుకుని, మళ్లీ సరిగా పట్టి ఇవ్వాలి. ఒక రోజు పని పోతుంది, నిజమే. కానీ ఆ కాగితం చూసుకునే గదా ఏడాది పొడుగునా ఎరువు బస్తాలు కొనేది, ఆ బోరు నీళ్లే గదా ఇంటిల్లిపాదీ తాగేది!